మడత ఫోను మొక్కు

తెనాలి తిరిగొచ్చి షాపు తలుపు తీశానో లేదో, పక్క షాపువాళ్లు లడ్డూ కోసం చెయ్యి చాపారు. ఇచ్చాను. దర్శనం బాగా జరిగిందా అన్నారు. జరిగిందన్నాను. తిరుపతి పోయి రావడానికి ఐదు రోజులెందుకయ్యా అని అడిగినవాళ్లకు మాత్రం సరిగ్గా చెప్పలేకపోయాను. చెప్పబోతే గొంతు లేస్తోంది, ఫోను కొనడానికొచ్చినవాళ్లు వెనక్కి పోతున్నారు. అందుకే రాస్తున్నాను.

నాది సెల్‌ఫోన్ల షాపు. అమ్ముతాను, బాగుచేస్తాను. ఇరవై ఏళ్లుగా అదే అన్నం పెడుతోంది. మా అక్కను చిత్తూరు ఇచ్చాం. అక్క ఇప్పుడు లేదు. ఆమె కూతురు ప్రమీల నాయుడుపేట దగ్గర ఒక ఫోన్ల ఫ్యాక్టరీలో నాలుగేళ్లు పనిచేసింది. పుస్తకంలా మడిచే ఫోన్లు ఉన్నాయి చూశారూ, లక్షన్నర పోసి కొని జేబులో పెట్టుకోవడానికి భయపడతారు, వాటి మధ్యలో తలుపుకు బందుల్లాంటి కీలు ఒకటుంటుంది. హింజు అంటాం. ఆ హింజు బిగించే లైన్లో పదకొండు మంది ఆడవాళ్లు. ప్రమీల వాళ్లకు లీడరు.

ఆ హింజు కోసం రెండు కంపెనీలు కొట్టుకున్నాయి. ప్రమీల వాళ్లు ఎవరి కోసం ఫోన్లు బిగిస్తున్నారో ఆ కంపెనీ ఒకటి. మడిచే పద్ధతి మీద పేటెంటు మాది, మీరు దొంగిలించారు అని కేసు వేసింది రెండోది. ఇద్దరిదీ మన దేశం కాదు. కేసు నడిచిందీ ఇక్కడ కాదు. సముద్రాల అవతల ఒక కోర్టు, ఆ హింజున్న ఫోన్లు తమ దేశంలో అమ్మడానికి వీల్లేదని నిషేధం పెట్టింది. ఆ ఫోన్లు ఎక్కువగా పోయేది ఆ దేశానికే. వారం తిరక్కుండా నాయుడుపేటలో లైను ఆగింది. మూడు నెలలు ఆగే ఉంది.

ఒకరోజు ప్రమీల ఫోను చేసింది. "మామా, బ్యాన్ ఎత్తేసినారంట! రెండు కంపెనీలూ రాజీ అయినాయంట. నాకు మొక్కుండాది, కొండకు పోవాల. నువ్వు రావాల."

ఏం మొక్కు అంటే గుండు అంది. ఇరవై ఆరేళ్ల పిల్ల, నడుము దాటిన జడ. "పుట్టెంటికలు తీసినప్పుడు నీ ఒళ్లోనే గదా కూసున్నాను. ఇప్పుడూ నువ్వే పక్కనుండాల" అంది. మేనమామనై పుట్టాక తప్పుతుందా? ఆ రాత్రే రైలెక్కాను.

నాయుడుపేట

ప్రమీల హాస్టలు ఎదురుగా కాంతమ్మ అనే ఆవిడ మెస్సు నడుపుతోంది. భోజనం తొంభై, చేపల పులుసు కావాలంటే ఇంకో అరవై. పులుసులో మామిడికాయ ముక్కలు వేస్తారు. మా వైపు చేపల పులుసుకు చింతపండే దిక్కు. మొదటి ముద్దకే నేను ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. కానీ తినేవాళ్లెవరూ లేరు. పది బల్లలకు ముగ్గురం.

"నలభై మందికి వండేదాన్ని నాయనా," అంది కాంతమ్మ. "యాడనో ఎవురో సంతకం పెడితే ఈడ నా పొయ్యి ఆరిపొయ్యె. వాళ్లకు నేనున్నానని తెలుసునా?"

ఇక్కడో కొత్త ఆచారం చూశాను. హింజు లైను వాళ్లు అంట్లు తోమరు. పీచు పట్టుకోరు, రోట్లో పచ్చడి నూరరు, బట్టలు బండకేసి బాదరు. హాస్టల్లో వాళ్ల వంతు వంట మాత్రమే. తోమడం, ఉతకడం మిగతా లైన్ల వాళ్లు చేసిపెడతారు. నేను నవ్వాను, ఇదేం వైభోగమే అని. ప్రమీల నవ్వలేదు. నా చెయ్యి తీసుకుని తన చూపుడువేలి కొన నా అరచేతి మీద పెట్టింది. చంటిపిల్ల వేలంత మెత్తగా ఉంది.

"హింజు బిగించినాక కండ్లు మూసుకొని ఒకసారి మడవాల మామా. లోపల గరుకుంటే వేలికి తెలస్తాది. మిషను పాసు చేసినా నా వేలు రిజెక్టు చేస్తే రిజెక్టే. ఈ వేలు కాయ గాస్తే ఇంగ పనికిరాదు. అందుకే వాళ్లు మాకు తోమిపెడతారు."

మూడు నెలలు పని లేకపోయినా వాళ్లు తోమలేదు. లైను మళ్లీ తెరిస్తే వేళ్లు సిద్ధంగా ఉండాలని. తోమిపెట్టేవాళ్లు ఊళ్లకు పోయాక కాంతమ్మే వాళ్ల గిన్నెలు కూడా తోమింది, ఊరికే. నిషేధం పోతే ప్రమీల గుండు ఇస్తానని, మిగతా పదిమందీ కత్తెర ఇస్తామని, అందరూ లైను దగ్గర నిలబడి మొక్కుకున్నారట. ఆ రోజు ట్రేలలో ఫోన్లు సగం సగం బిగించి ఉన్నాయి. ఎలా ఉన్నవి అలాగే మూతలు పెట్టి లేచి పొమ్మన్నారట.

బయల్దేరేముందు ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది. ప్రమీల ఒక్కతే లోపలికి పోయింది. నేను గేటు బయట అరగంట నిలబడ్డాను. ఎండ మాడు పగలగొడుతోంది. తిరిగొచ్చినప్పుడు చేతిలో ఒక కవరు ఉంది. "ఎప్పుడు మొదలుపెడతారంట?" అన్నాను. "ముందు మొక్కు తీర్చుకోని వద్దాం పద మామా" అంది. నేను సంతోషంలో ఉన్నాను, ఆ మాటలో తేడా పట్టుకోలేదు.

తిరుపతి

తిరుపతిలో ఒక్క రాత్రి. గది అద్దె గురించి రాస్తే పుణ్యం పోతుంది, వదిలేస్తున్నాను. పొద్దున్నే బస్టాండు పక్క సందులో ఇడ్లీలు తిన్నాం. రెండు ఇడ్లీ నలభై. చట్నీలు మూడు, సాంబారు అడిగినంత. మా తెనాల్లో రెండోసారి సాంబారు అడిగితే సర్వరు మన పుట్టుపూర్వోత్తరాలు తలుచుకుంటాడు. ఇక్కడ బకెట్టుతో వచ్చి నిలబడ్డాడు. సగం మాటలు అరవంలో, సగం తెలుగులో, నవ్వు మాత్రం పూర్తిగా.

ప్రమీల చెయ్యి కడుక్కోవడానికి లేచింది. నేను ఫోను తీశాను. వృత్తి రీత్యా ఫోన్ల వార్తలు రోజూ చూస్తాను. ఆ రెండు కంపెనీల పెద్దలూ చేతులు కలుపుకుని నవ్వుతున్న బొమ్మ. కింద వార్త. కేసులన్నీ వెనక్కి తీసుకున్నారు. ఇకనుంచి ఒకరి పేటెంట్లు ఒకరు వాడుకోవచ్చు. షరతులు రహస్యం. ఆఖరున ఒక ముక్క: ప్రమీల వాళ్ల కంపెనీ మడత ఫోన్ల తయారీ ఇక్కడ ఆపేసి వేరే దేశానికి మార్చుకుంటోంది.

చెయ్యి తగిలి సాంబారు గిన్నె నా తెల్లపంచె మీద బోర్లా పడింది. దర్శనానికని ఇస్త్రీ చేయించి తెచ్చుకున్న పంచె. సర్వరు అయ్యో అయ్యో అంటూ నీళ్లు తెచ్చాడు. పంచె పోతే పోయింది. ఎవడి హింజు ఎవడు దొంగిలించాడో తేల్చడానికి అంత రాద్ధాంతం చేశారు కదా, తేల్చారా? తేల్చలేదు. తేల్చకుండానే చేతులు కలిపారు. మూడు నెలల పాటు వేలికొనలు దాచుకున్న పిల్లల ఊసు ఆ వార్తలో ఒక్క అక్షరం లేదు. ఒళ్లు మండిపోయింది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఒకప్పుడు మా వీధిలోనే ఒకడు నా బోర్డు రంగులు, నా అక్షరాలు, ఆఖరికి నా షాపు పేరులో సగం ఎత్తుకుపోయి కొట్టు పెట్టాడు. నేను పోలీసు స్టేషను దాకా వెళ్లాను. కాబట్టి కనిపెట్టినవాడికి హక్కు ఉండకూడదని నేననను. కష్టపడి ఆ హింజు ఆలోచించిన మనిషి ఎక్కడో ఉంటాడు, అతని కడుపు కొట్టమనీ అనను. కానీ నా గొడవలో పక్క వీధి పాలవాణ్ణి నేను రోడ్డున పడేయలేదు.

ఎనిమిది వందలు చెప్పిన పంచె నాలుగు వందల యాభైకి బేరమాడి కొన్నాను. ప్రమీలకు వార్త చెప్పలేదు. చెప్పడానికి ధైర్యం చాలలేదు, అంతే.

కొండ మీద

ఘాట్ బస్సులో ప్రమీల కిటికీ పక్కన కూర్చుని కొండల్ని చూస్తోంది. నేను ఆమె జడను చూస్తున్నాను. నోట్లో మాట నానుతోంది. కల్యాణకట్ట మెట్ల దగ్గరికి వచ్చాక ఇక ఆగలేక చెయ్యి పట్టుకుని ఆపాను.

"అమ్మా, ఆగు. లైను ఇక తెరవరు. నిన్న పొద్దున వార్త చూశా... కాదు, ఇవాళ పొద్దున. ఎత్తేశారమ్మా. జుట్టు ఇవ్వొద్దు, పోదాం."

"తెలుసు మామా" అంది.

"తెలుసా?"

"నిన్న గేటు లోపలికి పిలిసి అదే గదా చెప్పినారు. పదకొండు మందినీ ఒకరి తర్వాత ఒకరిని పిలిసినారు. అందురం సంతకాలు పెట్టినాము."

నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆమె మీదే చూపించాను. మరి ఎందుకొచ్చాం ఇక్కడికి, పని పోయాక మొక్కేమిటి, ఈ జుట్టు ఎవరికి, ఆ చేతులు కలుపుకున్నవాళ్లకా అని అందరూ వింటుండగా కేకలేశాను. వెళ్లేవాళ్లు గోవిందా అనుకుంటూ తప్పుకుని వెళ్లారు.

ప్రమీల నెమ్మదిగా చెప్పింది. "నేను బ్యాన్ పోవాలని మొక్కినాను మామా. బ్యాన్ పోయింది. సామి తప్పేముండాది? పని రావాలని అడగల్యా. బ్యాన్ పోతే పనొస్తాదనుకున్నాను. రెండూ ఒకటే అనుకున్నాము అందురమూ. అడిగింది ఇచ్చినాక ఎగ్గొడితే, అది పదిమందికీ సుట్టుకుంటాది. నా మాట మీద మొక్కినారు వాళ్లు."

వాళ్లు తప్పుగా అడిగారు, నిజమే. నిషేధం పోతే తమ బతుకు తమకొస్తుందని నమ్మారు. సముద్రాల అవతల కూర్చున్న లాయర్లు ఒక్కో పదానికి నెల రోజులు తీసుకుంటారు. వీళ్లు లైను దగ్గర నిలబడి ఒక్క మాటలో మొక్కేశారు.

క్షురకురాలు యాభై ఏళ్ల మనిషి. నేను పక్కనే నిలబడితే "ఎవురన్నా నువ్వు?" అంది. మేనమామనన్నాను. "అయితే నీళ్లు నువ్వే సల్లు" అని చెంబు నా చేతికిచ్చింది. నెత్తి తడిపాను. జడ రెండు ముడులు వేసి, నుదుటి నుంచి వెనక్కి కత్తి నడిపింది. ప్రమీల కళ్లు మూసుకుంది. ఏడవలేదు. నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా రాస్తున్నాను, అది భక్తి కాదు, కోపం.

స్నానం చేసి, గుండుకు గంధం రాసుకుని, క్యూలో నాలుగు గంటలు నిలబడి దర్శనం చేసుకున్నాం. అన్నప్రసాదం దగ్గర వేల మందితో కూర్చుని చక్కెరపొంగలి, అన్నం, సాంబారు తిన్నాం. వడ్డించే ఆయన "ఇంగొంచెం ఎయ్యనా తల్లీ" అని ప్రమీలను రెండుసార్లు అడిగాడు.

అక్కడే, చెయ్యి విస్తట్లో ఉండగానే, మిగతా సంగతి చెప్పింది. కేసు వేసిన ఆ రెండో కంపెనీ కూడా తమిళనాడు సరిహద్దులో ఫ్యాక్టరీ పెడుతోంది. రాజీ అయింది కాబట్టి అదే హింజుతో ఫోన్లు చేస్తుంది. పని తెలిసినవాళ్లు కావాలని వెతుకుతోంది. "వాళ్ల మనిషి ఫోను చేసినాడు మామా. పదకొండు మందినీ తీసుకుంటానన్నాడు. ఒకటే అడ్డం. ఆ సంతకం పెట్టిన కాగితం."

కాగితంలో ఏముందంటే, రెండేళ్ల పాటు ఇంకెక్కడా హింజు పని చెయ్యకూడదని ఉందట. ఎందుకు పెట్టావమ్మా అన్నాను. పెట్టకపోతే పనిచేసినట్టు సర్టిఫికెట్టు ఇచ్చేది లేదన్నారట. కవరులో రెండూ ఉన్నాయి. ఒకటి ఈ అమ్మాయికి హింజు పని బ్రహ్మాండంగా వచ్చు అంటుంది. రెండోది ఆ పని చేస్తే ఊరుకోం అంటుంది. రెంటి మీదా ఒకే ముద్ర.

చిత్తూరు బస్సులో

మా ఊళ్లో పెళ్లీడు పిల్ల గుండుతో బస్సెక్కితే అందరూ తలలు తిప్పి చూస్తారు, ఒకరిద్దరు ఆరా తీస్తారు. చిత్తూరు బస్సులో సగం మందివి గుండ్లే. మా ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి ప్రమీల చేతిలో ఉడకబెట్టిన చెనక్కాయలు పోశాడు. వేరుశెనగను ఇక్కడ చెనక్కాయలంటారు. పూతలపట్టు దగ్గర మామిడితోట ఉందట ఆయనకు. అంటుమొక్కలు కట్టి అమ్ముతాడట.

"ఏం మొక్కుంటివమ్మా?" అన్నాడు. మా వైపు అలా అడగరు. ఇక్కడ ధర అడిగినంత మామూలుగా అడుగుతారు. ప్రమీల మొత్తం చెప్పింది. ఆయన చెనక్కాయ ఒలుస్తూ విన్నాడు.

"అంటు కట్టేది నాకు మా నాయన నేర్పినాడు. నేను మా పక్కతోట కూలోళ్లకు నేర్పినాను. వాళ్లిప్పుడు నాకంటే బాగా కడతారు, నాకు బేరాలు తగ్గినాయి. కోపమొస్తాది, రాదా? వచ్చింది. అయినా నువ్వు అంటు కట్టొద్దని ఒకడి సేతులకు సెప్పేదెట్లబ్బా?" అన్నాడు నా వంక చూసి.

నాకు ఆయన చేతులు పట్టుకోవాలనిపించింది. పూతలపట్టు రాగానే దిగిపోయాడు.

చిత్తూరు

ప్రమీల వాళ్ల నాన్న, మా బావ సిద్దయ్య, కోర్టు ఎదురుగా కుట్టుమిషను పెట్టుకుని నల్లకోట్లు కుడతాడు. కూతురి గుండు చూసి ఒక్క క్షణం మిషను ఆపాడు. తర్వాత దగ్గరికి పిలిచి నెత్తి మీద చెయ్యి వేసి, "సల్లగా ఉండాది" అన్నాడు. ఆ మధ్యాహ్నం రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి అనే పచ్చడి. సంగటి నమలకుండా మింగడం నాకు ఇప్పటికీ రాదు, బావ ఇప్పటికీ నవ్వుతాడు.

బావ కోట్లు కుట్టిపెట్టే ఒక వకీలమ్మ దగ్గరికి మర్నాడు నేనూ ప్రమీలా వెళ్లాం. చిన్న గది, నిండా ఫైళ్లు. ఆవిడ కాగితం రెండుసార్లు చదివి అద్దాలు తీసింది.

"ఇది నిలిచేది కాదమ్మా. పని మాన్పించిన మనిషిని ఇంకో చోట పని చేసుకోవద్దంటే మన చట్టం ఒప్పుకోదు. ఎవురో బయట దేశంలో రాసిన కాగితానికి ఈడ సంతకాలు పెట్టించినారు. బెదిరించేదానికి తప్ప ఇంగ దేనికీ పనికిరాదు. నువ్వు పోయి చేరు. నోటీసు వస్తే నా దగ్గరికి రా, నేను చూసుకుంటాను."

ప్రమీల ముఖం వెలిగింది. ఐదు రోజుల్లో ఆ నవ్వు చూడటం అదే మొదలు. అక్కడే నిలబడి ఆ రెండో కంపెనీ మనిషికి ఫోను చేసింది. నాకూ వకీలమ్మకూ వినబడేలా స్పీకరు పెట్టింది. కాగితం నిలవదని వకీలు చెప్పినారు సార్, పదకొండు మందిమీ సోమవారమే వస్తాము అంది.

అవతల మనిషి మర్యాదగానే మాట్లాడాడు. "నిలవదని మాకూ తెలుసమ్మా. మా లాయర్లూ అదే అన్నారు. కానీ వాళ్లతో ఇప్పుడే రాజీ అయింది గదా. మీ పదకొండు మంది కోసం మళ్లీ కోర్టుకెక్కే ఓపిక మా పైవాళ్లకు లేదు. రాజీ చెడగొట్టుకోలేము. కొత్తవాళ్లను తీసుకుని నేర్పించుకుంటాం. ఏమనుకోవద్దు."

నేను ఫోను లాక్కుని నోటికొచ్చినట్టు తిట్టాను. మూడు నెలలు నిషేధం పెట్టించి లైను మూయించింది మీరే కదరా, అప్పుడున్న ఓపిక ఇప్పుడేమైంది అన్నాను. ఇక్కడ రాయలేని మాటలు కూడా అన్నాను. అతను ఎప్పుడో ఫోను పెట్టేశాడని ప్రమీల చెప్పేదాకా తెలియలేదు. వకీలమ్మ ఫీజు తీసుకోలేదు. కేసు వేద్దామంటే వేద్దాం, కానీ రెండేళ్ల లోపల తేలదు అని చెప్పింది. ఆ కాగితం గడువు కూడా రెండేళ్లే.

కోర్టు ముందు రోడ్డు దాటి బావ మిషను దగ్గరికొచ్చాం. బావ ఒక కోటుకు గుండీలు కుడుతున్నాడు. రోజంతా వకీళ్ల మధ్య బతికే మనిషి, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఇంతకీ ఆ కేసు ఎవురు గెలిసినారమ్మా?"

ప్రమీల స్టూలు మీద కూర్చుంది. తండ్రి చేతిలోంచి సూది తీసుకుని దారం ఎక్కించి ఇచ్చింది.

"ఇద్దురూ గెలిసినారు నాయనా. ఆ హింజు ఇంగ ఎవురైనా బిగించొచ్చంట. మేము పదకొండు మందే బిగించగూడదంట."